తొమ్మిది ఇళ్ల యజమానురాలు

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక బెంగళూరు హూడిలోని శామ్సన్ గారి ఫ్లాటులో ఉన్నవారు వీరు: ఒక పెద్ద కంపెనీలో జీతాల విభాగం చూసే శామ్సన్ గారు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపల నిద్రపోతున్న నర్సు, ఆయన భార్య అయిన సునీత, అదే కంపెనీలో పనిచేస్తూ అదే బిల్డింగులో అద్దెకుండే వీరభద్రం, శైలజ, ఇంకొందరు, ఎవరూ కూర్చోమనకపోయినా కూర్చున్న బిల్డింగు ఓనరు ఓబళప్ప, వీరందరికీ టీ కాస్తున్న హెప్సిబా.

హెప్సిబా సునీతకు చెల్లెలు. కనిగిరి పక్క పల్లెలో ఇంటర్ ముగించి, నర్సింగు చదవాలని వచ్చింది. పేద విద్యార్థినుల ఉచిత హాస్టల్లో మంచం దొరికితే చదువు, దొరక్కపోతే తిరుగు బస్సు. అప్పటిదాకా బావగారి సోఫా.

జీతంలోంచి పన్ను కోసే ముందు ఉద్యోగులు నింపి ఇవ్వవలసిన ఫారాన్ని తప్పుల్లేకుండా నింపించడమే నాటి సభ ఉద్దేశం.

"తప్పుడు ఫారం పాపంతో సమానం బ్రదర్స్! ఈసారి మన డిపార్ట్‌మెంట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు," అని శామ్సన్ గారు ప్రారంభోపన్యాసం చేశారు.

గడులన్నీ చకచకా నిండాయి. ఒక్కటి మిగిలింది: ఇంటి యజమాని పాన్ నంబరు. అది రాస్తేనే అద్దె మీద పన్ను తగ్గుతుంది. అందరూ ఓబళప్ప వైపు చూశారు. కాటన్‌పేటలో బట్టల టోకు వ్యాపారం చేసి ఈ తొమ్మిది ఫ్లాట్లు కట్టిన పెద్దమనిషి ఆయన.

"నా నంబరు మీకేలప్పా? మీరు నోట్లిస్తా ఉండారు, నేను తీసుకుంటా ఉండాను. మధ్యలో సర్కారుకేం పని ఉండాది? అంత కావల్నంటే ఇల్లు ఖాళీ చేయండి, బాడిగకి జనం కాచుకోని ఉండారు," అని ఆయన టీ తాగి, అద్దెలు వసూలు చేసుకుని వెళ్లిపోయాడు.

నిజం రాస్తే గడి ఖాళీగా ఉంటుంది. గడి ఖాళీగా ఉంటే ఫారం తప్పు. సభ దిగులులో మునిగింది. అప్పుడు శామ్సన్ గారి చూపు టీ కప్పులు తీస్తున్న మరదలి మీద పడింది. హాస్టల్ వాళ్లు అడిగారని ఆ పిల్లకు ఈ మధ్యే పాన్ కార్డు తీయించారు. కార్డు ఉండి ఆదాయం లేని మనిషి! అంతటి పవిత్రురాలు బెంగళూరంతా గాలించినా దొరకదు. ఓనరు గడిలో ఆమె పేరూ నంబరూ రాయమన్నారు.

"బావా, ఇది అబద్ధం కాదా?" అంది హెప్సిబా, కప్పులకు వినపడేంత గట్టిగా.

"ఎలా అవుద్దమ్మా? అద్దె నిజం, ఇల్లు నిజం, నీ సంతకం నిజం. ఇన్ని నిజాల మధ్య ఒక్క పేరు అటూ ఇటూ అయితే ప్రభువు పట్టించుకోడు. అక్క ఇంట్లో అన్నం తింటున్నావు, ఈపాటి సాయం చెయ్యవా?"

ఆ విధంగా హెప్సిబా ఒక్క పూటలో తొమ్మిది ఇళ్లకు యజమానురాలయింది. రసీదు స్టాంపుల మీద బడిలో నేర్పిన గుండ్రటి అక్షరాలతో సంతకాలు పెట్టింది.

అద్దె ఒప్పందాలూ కొత్తగా రాశారు. ఓబళప్పను అడగడానికి ఏళ్ల తరబడి ధైర్యం చాలని హక్కులన్నీ అద్దెదారులు ఆరోజే సాధించుకున్నారు. ముందు నోటీసు ఇవ్వకుండా ఓనరు గడప తొక్కరాదని వీరభద్రం రాయించాడు. కారే కుళాయి ఓనరే బాగుచేయించాలని శైలజ పట్టుబట్టింది. హెప్సిబా దేనికీ ఎదురు చెప్పలేదు. ఇంత మంచి ఓనరును తామెన్నడూ చూడలేదని అందరూ మెచ్చుకున్నారు.

దోషరహితమైన ఫారాలు సమర్పింపజేసినందుకు కంపెనీ శామ్సన్ గారికి శాలువా కప్పి షీల్డు ఇచ్చింది. నిజాయితీ ఒక అలవాటు కావాలని ఆయన మైకులో సెలవిచ్చారు.

తొమ్మిది ఫ్లాట్లవాళ్లలో ఎవరి అద్దె వారే రాసుకున్నారు తప్ప, అన్నీ కలిపి చూసినవారు లేరు. ఆ పని పన్ను శాఖ కంప్యూటరు చేసి, మొత్తం హెప్సిబా ఆదాయంగా చూపింది. వేసవి దాటాక హాస్టల్ వార్డెన్ నాగమ్మ గారు హెప్సిబా ఆదాయం కాగితం తెరిచి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏమ్మా, తొమ్మిది ఇళ్లు పెట్టుకోని బీదపిల్లల మంచం కావాల్నా నీకు? నీ ఇంట్లోనే ఏదో ఒకదాంట్లో పడుకోరాదా?"

జవాబు తెలిసినా బళ్లో ఏనాడూ చెయ్యెత్తని పిల్ల. తల వంచుకుని సోఫాకు తిరిగొచ్చింది. సోఫా మీద అప్పటికే ఆమె సంచి సర్ది ఉంది.

"తొమ్మిది ఫారాల్లోనూ ఒకే ఓనరు ఉందని రేపు కంపెనీ వాళ్లు ఇళ్లు తనిఖీ చేస్తారంట. ఓనరు మా సోఫా మీద పడుకునుంటే ఏం బాగుంటది? ఈ రెండ్రోజులూ శైలజ ఇంట్లో ఉండమ్మా," అన్నారు శామ్సన్ గారు.

"కోప్పడకే. బావ షీల్డు వెనక్కి తీసుకుంటారు," అంది సునీత, సంచి జిప్పు లాగుతూ.

హెప్సిబా పై అంతస్తుకెళ్లి బెల్లు కొట్టింది. శైలజ గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది.

"అక్కా, రెండు రోజులే."

"ఏంది హెప్సిబా, అగ్రిమెంట్ల ఏం రాసుకున్నం? నోటీసియ్యకుండ ఓనర్లు రావద్దు. సంతకం పెట్టింది నువ్వే గద?"

అది నిజమే. హెప్సిబా సంచి కిందికి దించింది.

"అన్నట్టు, ఆ కుళాయి ఇంక కారుతనే ఉంది. జర తొందరగ చేయించు," అని, అద్దెకున్నవారి హక్కులకు ఏ భంగమూ కలగకుండా, శైలజ యజమానురాలి ముఖం మీద తలుపు వేసింది.