చిక్కవెంకటప్ప సైకిలు, మారమ్మ దోశ

సుగటూరు పక్కన తోటలో ఇల్లు కట్టుకున్న చిక్కవెంకటప్ప ఆ రోజు పొద్దున్నే ఒక ప్లాను వేసుకున్నాడు. ప్లాను పెద్దదేమీ కాదు. ఆవులు పితకగానే పాల క్యాను సైకిలుకు కట్టుకుని డెయిరీకి పోవడం, పాలు పోసి రావడం. మొపెడ్డును మాత్రం ముట్టుకోకూడదు. అంతే.

ముందు రోజు కోలారులో డాక్టరమ్మ మంజుశ్రీ అతన్ని తూకం మిషను ఎక్కించింది. ముల్లు ఎగిరి ఆ చివర కొట్టుకుని అక్కడే కూర్చుంది. "మిషను చెడిపోయినట్టుండాదమ్మా" అన్నాడు చిక్కవెంకటప్ప. డాక్టరమ్మ తనే ఎక్కి చూపించింది. మిషను బాగానే ఉంది.

"నెయ్యి బంద్. వెన్న బంద్. రోజూ సైకిల్ తొక్కు. మూడు నెలలయినాక వచ్చి కనపడు" అంది.

ఈ మాటలు అతనొక్కడే విని ఉంటే దారిలోనే మరిచిపోయేవాడు. పక్కన భార్య చిన్నవెంకటమ్మ కూడా విన్నది. రాగిముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోసుకోవడం చిక్కవెంకటప్పకు పళ్ళు రాకముందు నుంచీ ఉన్న అలవాటు. ఆ రాత్రి గుంట చేసుకుని చేయి చాపితే, ఆమె అందులో పలచటి ఉప్పుసారు పోసింది. నెయ్యి డబ్బా అటకెక్కింది. నిచ్చెన పక్కింటికి పోయింది.

సైకిలు అతని నాయన కాలంది. పట్టుపురుగుల షెడ్డులో దూలానికి వేలాడుతుండేది. దించి చూస్తే సీటు మీద కోడి పొదుగుతోంది. కోడిని బతిమాలి లేపి, చైనుకు నూనె పోసి, గాలి కొట్టి, ఎక్కబోయాడు.

"ఎక్కేది సరే, దిగేది గుర్తుండాదా?" అంది చిన్నవెంకటమ్మ.

"నన్నేమనుకున్నావే! పెండ్లికి ముందర నిన్ను చూసేదానికి వచ్చినప్పుడు ఈ సైకిల్లోనే కదా వచ్చింది!"

"వచ్చినావు. మా గడ్డివాములో దిగినావు."

పాలు తుళ్ళిపోకుండా ఆమె క్యాను మూతికి తెల్లగుడ్డ వేసి బిగించి కట్టి, పైన మూత పెట్టింది. చిక్కవెంకటప్ప బయలుదేరాడు. మొపెడ్డు మీదైతే తారు రోడ్డున పోయేవాడు. కానీ తారు రోడ్డులో ఒక మిట్ట ఉంది. ఆ మిట్టను కింది నుంచి ఒకసారి చూసి, సైకిలు పక్కకు తిప్పి, మామిడి తోపుల నడుమ అడ్డదారి పట్టాడు.

ఆ అడ్డదారి సంగతి చెప్పాలి. ఎప్పుడో రోడ్డు వేస్తామని కంకర జల్లి పరిచి, తారు పోయడం మరిచిపోయారు. రాళ్ళు ఒక్కోటి కోడిగుడ్డంత. ఆ దారిలో ఒకాయన నోట్లో బీడీ పెట్టుకుని బయలుదేరితే, ఊరు చేరేసరికి బీడీ చెవిలో ఉందట. వెతికి వెతికి చివరికి భార్య తీసిందట. అలాంటి దారిలో చిక్కవెంకటప్ప పొట్ట ఒక తాళం, క్యాను ఒక తాళం వేసుకుంటూ డెయిరీ చేరాడు.

డెయిరీ సెక్రెటరీ శ్రీరామప్పకు శుచి ఎక్కువ. దుమ్ముదారిన వచ్చిన క్యానుకు గుడ్డ విప్పనివ్వడు, గుడ్డ మీదుగానే వడపోసుకుంటాడు. పాలు పోసి, ఖాళీ క్యాను పట్టుకుని, ఎదురుగా ఉన్న మారమ్మ హోటలు బల్ల మీద కూలబడ్డాడు చిక్కవెంకటప్ప. ఆయాసంతో మాట రావడం లేదు.

"అయ్యో, అన్నా! ఈ వయసులో సైకిలా!" అని మారమ్మ టీ ఇచ్చింది. "ఆ క్యాను ఇట్లియ్యి. వేణ్ణీళ్ళుండాయి, కడిగిస్తా."

క్యాను తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి మెరిసే క్యానుతో, ఒక దోశతో తిరిగి వచ్చింది. దోశ మీద ఇంత వెన్న, కరుగుతూ. చిక్కవెంకటప్ప జేబు తడుముకుంటే, "నీ దగ్గర దుడ్డు తీసుకుంటానా అన్నా? నువ్వు చేసేదానికి నేను ఇదైనా చెయ్యొద్దా?" అంది.

తాను సైకిలు తొక్కడం మారమ్మకు అంత నచ్చిందని అతను పొంగిపోయాడు. ఇక డాక్టరమ్మ బంద్ చేసింది వెన్నను కదా, దోశను కాదు కదా అని మనసుకు నచ్చచెప్పుకుని తిన్నాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి చిక్కవెంకటప్ప సైకిలు తొక్కడం గురించి ఊళ్ళో చెప్పని మనిషి లేడు. తల క్షవరానికి కూర్చున్నవాడికి చెప్పాడు, చెట్టెక్కి మామిడికాయలు కోస్తున్నవాడికి కింద నుంచి అరిచి చెప్పాడు. పక్క తోట మునిశంకర్‌ను అయితే దారికి అడ్డం నిలబడి పట్టుకున్నాడు. మునిశంకర్‌ది కోలారు పక్క నరసాపురంలో మోటారు బండ్లు చేసే కార్ఖానాలో పని. పొద్దున పాలు పోసి, డెయిరీ ముందర కంపెనీ బస్సు ఎక్కుతాడు.

"నేను బండ్లు చేసేవాణ్ణన్నా. సైకిల్ తొక్కితే కంపెనీలో నవ్వుతారు."

"నవ్వనీప్పా! గ్యాస్ స్టవ్వు చేసేవాడు చద్దిముద్ద తినడా? పెట్రోలు మిగులుతాది, నడుము తగ్గుతాది. పైగా మర్యాద! ఆ మారమ్మను చూడు, పిలిచి దోశ పెడతాండాది."

"ఊరికేనా?"

"ఊరికే!"

ఆరోగ్యం మాట చెవికెక్కని మునిశంకర్‌కు ఈ మాట ఎక్కింది. మర్నాడు రెండు సైకిళ్ళు. పది రోజుల్లో అడ్డదారి పొడుగునా సైకిళ్ళ వరస, క్యాన్ల గలగల. మిట్ట ఎక్కడం ఎవరికీ ఇష్టం లేదు మరి. మారమ్మ అందరి క్యాన్లూ కడిగింది, అందరికీ వెన్నదోశ పెట్టింది. ఆ దోశ పేరు ఎంత దూరం పోయిందంటే, బంగారుపేటలో రైలు ఎక్కాల్సిన వాళ్ళు కూడా సుగటూరు చుట్టి పోయి, రైలు పోగొట్టుకుని, మళ్ళీ వచ్చి ఇంకో దోశ తినేవాళ్ళు.

ఇంతలో శ్రీరామప్ప ఒక పొద్దున ఫ్యాటు మిషను ముందర నుంచి తల ఎత్తాడు.

"చిక్కవెంకటప్పన్నా, నీ పాల ఫ్యాటు నాలుగు దాటి ఉండేది. ఇప్పుడు రెండుకు దిగిండాది. ఏం కథ?"

"నీళ్ళు పోసినానంటావా?"

"నీళ్ళు లేవు. అది వేరే చూసినా. మీగడ తీసినారు."

చిక్కవెంకటప్ప మొహం తెల్లబోయింది. డెయిరీకి కొత్త ఫ్యాటు మిషను వస్తే మొదట అతని పాలు పోసి, మిషను సరిగ్గా ఉందా అని చూసేవాళ్ళు. అలాంటి పాలు. శ్రీరామప్ప ఇంకా ఆపలేదు.

"నీవే కాదు. మోటారు బండ్లలో వచ్చినోళ్ళ పాలు బాగుండాయి. సైకిళ్ళలో వచ్చినోళ్ళవే ఇట్లుండాయి. ఈ గుంపు కట్టినోడివి నువ్వు. ఊరికి సైకిలు నేర్పినావో, మీగడ తీసేది నేర్పినావో! ఆదివారం మీటింగు. అందరి ముందర జవాబు చెప్పు. లేకుంటే నీ ఇంటి పాలు ఇంగ ఈ డెయిరీకి వద్దు."

ఆ రోజు దోశ కూడా సరిగ్గా దిగలేదు. ఒకటే తిన్నాడు.

ఇంటికి పోతూ ఆలోచించాడు. తను తీయలేదు. మరి ఇంట్లో ఉండే ఇంకో మనిషి ఎవరు? తనకు ఉప్పుసారు పోసి, మీగడ పుట్టింటికి పంపిస్తోందా? భోజనాల దగ్గర, వీలైనంత మెత్తగా అడిగాడు.

"ఏమే, మీ అన్న బాగుండాడా? కొంచెం లావైనాడంట కదా?"

చిన్నవెంకటమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఏం కావాల తిన్నగా అడుగు."

"పాలలో మీగడ లేదంట. శ్రీరామప్ప అన్నాడు. నేను కాదు అన్నది."

"మీగడను నా కండ్లతో చూసి నెల దాటింది! నన్నంటావా?" అని దగ్గరికి వచ్చిన మనిషి, ఉన్నట్టుండి అతని మీసం వైపు చూసింది. చూపుడు వేలితో మీసం తుడిచి, వేళ్ళ నడుమ రుద్ది, వాసన చూసింది.

"ఏమయ్యా, మీసానికి వెన్న యాడిది?"

"అది... దోశది."

"దోశకు యాడిది?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న చిక్కవెంకటప్పకు అప్పటిదాకా తట్టలేదు.

"మారమ్మ దోశకు నా ఆవుల వెన్న!" అంది చిన్నవెంకటమ్మ. "దారిలో తీసి ఆమె చేతిలో పెట్టి, డెయిరీలో తెల్లనీళ్ళు పోస్తాండావు! ఆదివారం నేనూ వస్తా. క్యాను నా ఒళ్ళో ఉంటాది. ఎవరు తీస్తారో, యాడ తీస్తారో చూస్తా."

ఆదివారం పొద్దున ఆమే పితికింది, ఆమే గుడ్డ కట్టింది, ఆమే క్యానును కౌగిలించుకుని వెనక క్యారియరు మీద కూర్చుంది. సైకిలు ఒకసారి మూలిగి కదిలింది. జల్లి మొదలైన చోటి నుంచి ఆమె తిట్లు మొదలయ్యాయి. కానీ ఏ తిట్టూ పూర్తి కాలేదు. "నీ-నీ-నీ" అనేసరికి ఒక రాయి, "యబ్బ-బ్బ-బ్బ" అనేసరికి ఇంకో రాయి. మామిడి తోపులో కోతులు కాయలు వదిలేసి వచ్చి చూశాయి. చిక్కవెంకటప్పకు పెళ్ళయిన తర్వాత ఆమె తిట్టు సగంలో ఆగడం అదే మొదటిసారి. అందుకే కొంచెం నిదానంగా తొక్కాడు.

డెయిరీ ముందర ఊరంతా చేరి ఉంది. మునిశంకర్, మిగతా సైకిళ్ళవాళ్ళు తలలు దించుకుని ఒక పక్క నిలబడ్డారు. శ్రీరామప్ప ఎప్పటిలాగే గుడ్డ మీదుగా వడపోసి, మిషనులో చూసి, తల అడ్డంగా ఊపాడు.

"రెండే."

"అయితే వదినే తీసిండాల!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఎవడ్రా అది!" అని చిన్నవెంకటమ్మ లేచింది. లేవడానికి కొంచెంసేపు పట్టింది. "ఇంటికాడ నుంచి ఈ క్యాను నా ఒళ్ళో నుంచి దిగలేదు! ఇంగ దీంట్లో ఏముండాదో చూడండి!" అని గుడ్డ పీకి, క్యానును బల్ల మీద బోర్లించి ఒక్క గుద్దు గుద్దింది.

ధబ్ మని, టెంకాయంత వెన్నముద్ద బల్ల మీద పడింది.

మొదట మాట్లాడింది, హోటల్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చిన మారమ్మ.

"అదే! రోజూ అదే ఉంటాది క్యానులో! నోరు తెరిచి ఇచ్చేదానికి సిగ్గుపడి, అన్న గుట్టుగా పెట్టి పంపిస్తాండాడని అనుకున్నా! ఆయన్ని చూసి మిగతావాళ్ళూ ఇస్తాండారని! ఊరికే తినేదానికి నాకు మనసొప్పక దోశకు దుడ్డు తీసుకోలేదు!"

శ్రీరామప్ప వెన్న వైపు చూశాడు, క్యాను వైపు చూశాడు. "అయితే తీసింది ఎవరు?"

"నా నడుమును అడుగు, చెప్తాది!" అంది చిన్నవెంకటమ్మ, రెండు చేతులతో నడుము పట్టుకుని. "కవ్వం పట్టుకుని గంటసేపు చిలికినా ఇంత రాదు. ఆ జల్లి చిలికిండాది! మీగడతో పాటు నన్నూ చిలికిండాది!"

మీటింగు అక్కడితో ముగిసింది. చిక్కవెంకటప్ప పాలకు పోయిన పేరు తిరిగి వచ్చింది. శ్రీరామప్ప ముందు తప్పు ఒప్పుకున్నాడు, తర్వాత దోశ తిన్నాడు. డెయిరీ పాలు ఇకపై తారు రోడ్డునే రావాలని తీర్మానం అయింది.

డెయిరీ పాలే కదా తారు రోడ్డున రావాల్సింది! మర్నాటి నుంచి ఇంటి వాడకానికి ఉంచుకున్న పాలతో ఇంటింటికీ ఒక చిన్న క్యాను, ఒక సైకిలు అడ్డదారికి దిగాయి. చిక్కవెంకటప్ప నెల రోజులు గొంతు చించుకున్నా కదలని వాళ్ళు, ముసలీ ముతకా, కొత్త కోడళ్ళూ, పొద్దునా సాయంత్రం జల్లి మీద అటూ ఇటూ తొక్కుతున్నారు. ఊళ్ళో కవ్వాలు అటకెక్కాయి. ఒక రోజు తారు పోయడానికి రోలరు రానే వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ తారు కోసం అర్జీలు పెట్టిన ఊరే సైకిళ్ళు అడ్డం పెట్టి దాన్ని వెనక్కి పంపింది.

ఇంతమందిని సైకిలెక్కించిన పెద్దమనిషిని ఊరు మరవలేదు. ఏ గడప ముందు ఆగినా, "తాతా, మా క్యాను వెన్న కొంచెం చూసి పో" అని ముద్ద మీద వేసి పెట్టారు. కాదంటే బాధపడతారని అతను ఎవరినీ కాదనలేదు.

మూడు నెలలకు భార్యాభర్తలు కోలారు పోయారు. చిక్కవెంకటప్ప ధీమాగా మిషను ఎక్కాడు. ముల్లు ఎగిరి, ఆ చివర కొట్టుకుని, టక్కుమని విరిగింది. ఈసారి మిషను నిజంగానే చెడిపోయింది.

"రోజూ తొక్కినావా?" అంది డాక్టరమ్మ మంజుశ్రీ.

"నేనొక్కడినేనా అమ్మా! ఊరంతా తొక్కేట్టు చేసినాను!"

చిన్నవెంకటమ్మ సంచిలోంచి డబ్బా తీసి, మీ కోసం తెచ్చినామని బల్ల మీద పెట్టి, ఆ వెన్న ఎలా వచ్చిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. డాక్టరమ్మ డబ్బా మూత తీసి చూసింది. విరిగిన ముల్లును చూసింది. పెన్ను తీసింది.

"నెయ్యి బంద్. వెన్న బంద్. సైకిలు బంద్."