వానకు ప్రోటోకాల్ లేదు

ఇకమీదట మన రాష్ట్రంలో వాన చెప్పకుండా కురవడానికి వీల్లేదని మంత్రిగారు గుంటూరులో ప్రకటించారు. మర్నాడు పేపర్లన్నీ మొదటి పేజీలో ఆ మాటే వేశాయి. మిర్చి కల్లాల్లో నలభై ఎడ్జ్ పెట్టెలు పెడతారట. గాలిలో తేమ, మబ్బు కదలిక, అన్నీ పెట్టె అక్కడికక్కడే లెక్కగట్టి, నెట్ ఉన్నా లేకపోయినా వానకు రెండు గంటల ముందే సైరన్ మోగిస్తుందట. తొలి పెట్టె సత్తెనపల్లి అవతల చింతలతిప్పలో, సుబ్బరావమ్మ కల్లంలో. ఆ కల్లానికే వాన భయం ఎక్కువని కాదు. కాన్వాయ్ తిప్పుకోవడానికి అంత వీలైన చోటు ఊళ్లో ఇంకోటి లేదు.

సుబ్బరావమ్మది ఎకరన్నర కౌలు. ఏడాది రెక్కల కష్టమంతా ఆ కల్లంలో ఎర్రగా ఆరుతోంది. ఒక్క జల్లు పడిందా, రంగు పోయి తాలుకాయ అయిపోతుంది, యార్డులో దాని మొహం చూసేవాడుండడు. అందుకే కాస్త మబ్బు పడితే చాలు, ఆవిడ కాయ కుప్పజేసి, నాలుగు పట్టాలూ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేది. పదిహేనేళ్లలో ఒక్కసారీ ఆవిడ కాయ తడవలేదు. రైతుల్ని ఇలాంటి వెనకబాటుతనం నుంచి బయటపడెయ్యాలన్నదే మంత్రిగారి తపన.

పెట్టెని సిద్ధం చేసే పని ఫర్హానా మీద పడింది. నల్లపాడు పిల్ల, కాంట్రాక్టు ఇంజనీరు, ఆ కాంట్రాక్టూ ఈ నెలాఖరు దాకే. మూడు రోజులు కల్లంలో నులకమంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. సుబ్బరావమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, లోపల ఏం చేస్తున్నావమ్మాయ్ అని అడిగితే ఓపిగ్గా చెప్పింది. పెట్టె చిన్నది, మెమరీ తక్కువ. ఒక్కో పనిని ఒక్కో కంటైనర్లో, అంటే విడి గదిలాంటి దాన్లో పెడతాం. వాళ్లందరికీ చోటు చూపించే పెళ్లిపెద్దలాంటి ప్రోగ్రాం ఒకటుంటుంది, దాన్ని రన్‌టైం అంటారు. ఎవరికెంత మెమరీ, చోటు చాలకపోతే ముందు ఎవర్ని లేపెయ్యాలి, అన్నీ అదే చూసుకుంటుంది. ఆ లెక్కలు రాసిపెట్టడమే నా పని పిన్నీ, అంది.

"వానొస్తే ఇది నిజంగా చెబుతుందా?" అంది సుబ్బరావమ్మ.

"చెబుతుంది పిన్నీ. నాదీ పూచీ," అంది ఫర్హానా. ఆ రోజుకి ఆ మాట అక్షరాలా నిజం. పెట్టెలో తేమ చూసే కంటైనరు, వాన లెక్కగట్టే కంటైనరు, సైరన్ కంటైనరు, ముగ్గురే ఉన్నారు. కాళ్లు చాపుకుని పడుకునేంత చోటుంది.

సాయంత్రానికి జాయింట్ డైరెక్టర్ జయరావు గారు వచ్చారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క ఫ్లెక్సీలో కూడా ఫొటోల సైజు తప్పని మనిషి. పెట్టెకి స్క్రీన్ ఉందిగా, అందులో పెద్దల ఫొటోలేవమ్మా అన్నారు. మంత్రిగారు, ఎమ్మెల్యే గారు, జడ్పీ చైర్మన్ గారు, ఇంకా చిన్నా పెద్దా కలిపి పదకొండు మంది. ఫొటోతోపాటు తలా రెండు నిమిషాల శుభాకాంక్షల వీడియో. అందర్నీ ఒకే కంటైనర్లో పెడితే తేలిగ్గా సర్దుకుంటుంది సార్ అని ఫర్హానా బతిమాలింది.

"ఎమ్మెల్యే గారూ చైర్మన్ గారూ ఒక వేదికే ఎక్కరు. ఒక కంటైనర్లో ఎలా కూర్చుంటారమ్మా?" అన్నారాయన.

న్యాయమైన మాటే. పదకొండు మందికీ పదకొండు కంటైనర్లు తయారయ్యాయి. పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోంది. అప్పుడు జయరావు గారి చూపు ల్యాప్‌టాప్‌లో ఒక ఫైలు మీద పడింది. ఒక్కో పేరు పక్కనా ఒక్కో అంకె. ఏంటిది అన్నారు. మెమరీ చాలకపోతే ముందు ఎవర్ని చంపాలో ఆ వరస సార్, అంది పాపం ఉన్నది ఉన్నట్టుగా.

ఆయన ఆ వరస మరోసారి చదివారు. మంత్రిగారి పేరు ఆ ఫైల్లో ఉండటమే ఒక ఘోరం, పైగా దాని పక్కన మైనస్ వెయ్యి. వాన ప్రోగ్రాంకి కూడా అంతే రాసి ఉంది. ఫర్హానా చెప్పబోయింది గానీ ఆయన వింటే కదా. మంత్రిగారికి మైనస్ ఏంటి, నీకు ఉద్యోగం చెయ్యాలని ఉందా లేదా అని కేకలేసి, దగ్గర నిలబడి దిద్దించారు. మంత్రిగారికి ప్లస్ వెయ్యి. ఎమ్మెల్యే గారికి తొమ్మిది వందలు. అలా హోదా ప్రకారం దిగుతూ వచ్చి, ఏ హోదా లేని వాన ప్రోగ్రాంకి మాత్రం ఆ మైనస్ వెయ్యే ఉంచేశారు.

మర్నాడు రిహార్సల్. పదకొండు వీడియోలూ ఒకేసారి మొదలయ్యాయి, మెమరీ నిండింది, రన్‌టైం రాసిచ్చినట్టే నడుచుకుంది. ముందు మంత్రిగారు పోయారు. ఆ వెంటనే ఎమ్మెల్యే గారు, తర్వాత చైర్మన్ గారు. వాన ప్రోగ్రాం ఒక్కటీ రాయిలా కూర్చుని, రేపు మధ్యాహ్నం వాన పడే సూచనలున్నాయని తెరమీద చూపిస్తోంది. జయరావు గారు మంచం మీద కూలబడి నీళ్లడిగారు.

మైనస్ అంటే అవమానం కాదు సార్, ముట్టుకోవద్దని గుర్తు, ఎంత మైనస్ అయితే అంత భద్రం అని ఫర్హానా నెమ్మదిగా చెప్పింది. ఈసారి విన్నారు. విని మంత్రిగారికి మైనస్ వెయ్యి ఇప్పించారు. కబురు ఎలా పాకిందో ఏమో, గంటలో ఎమ్మెల్యే గారి పీఏ ఫోను, మా సారుకి ఎంతిచ్చారని. ఆ తర్వాత చైర్మన్ గారి బావమరిది. రాత్రి భోజనాల వేళకి పదకొండు మందికీ మైనస్ వెయ్యే. ప్రజాప్రతినిధుల మధ్య ఇంత సమానత్వం ఆ నియోజకవర్గం ఎన్నడూ ఎరగదు. ఇక వాన ప్రోగ్రాంకి ఉన్న మైనస్ తీసెయ్యమన్నారు జయరావు గారు.

"సార్, అప్పుడు చోటు చాలకపోతే ముందు పోయేది వాన ప్రోగ్రామే," అంది ఫర్హానా. "రేపు వాన ఉందని అదే చెప్పింది. కనీసం దానికీ ముందులాగే మైనస్ ఉంచుదాం."

"అందరికీ మైనస్ అయితే మంత్రిగారికి మనమిచ్చిన గౌరవం ఏముంది? వానకి ప్రోటోకాల్ లేదమ్మా," అని జయరావు గారు దానికి సున్నా వేయించారు. నెలాఖరు ఇంకా వారమే ఉందని కూడా గుర్తుచేశారు. ఫర్హానా సున్నా కొట్టింది. కొట్టి, ఆ రాత్రి సుబ్బరావమ్మ పెట్టిన అన్నం తినలేక కంచం ముందు నుంచి లేచిపోయింది.

సభ రోజు పొద్దున్నే కల్లంలో పట్టాలన్నీ తీయించారు. డ్రోను కెమెరాలో కాయ ఎర్రగా పడాలిగా. పన్నెండయ్యేసరికి పడమట మబ్బు లేచింది. సుబ్బరావమ్మ చీర చెంగు నడుముకి దోపి కాయ కుప్పజెయ్యబోయింది. జయరావు గారు అడ్డంపడ్డారు. మంత్రిగారు వచ్చి, వాన సంగతి పెట్టె చూసుకుంటుంది అని చెప్పబోతుంటే, నువ్విప్పుడు పట్టాలు కప్పితే పెట్టె మీద నమ్మకం లేదని కాదూ? సైరన్ మోగనీ, నేనే దగ్గరుండి కప్పిస్తానన్నారు. ఆవిడ ఫర్హానా వంక చూసింది. ఫర్హానా చెప్పుల వంక చూసుకుంది.

మంత్రిగారు వచ్చి బటన్ నొక్కారు. పదకొండు మొహాలూ తెరమీద వెలిగి పదకొండు నోళ్లతో శుభాకాంక్షలు చెప్పసాగాయి. ఇక్కడ ల్యాప్‌టాప్‌లో వాన ప్రోగ్రాం లేచింది, పోయింది. మళ్లీ లేచింది, మళ్లీ పోయింది. ఫర్హానా లెక్కపెడుతూనే ఉంది, ఏడుసార్లు. ఇక కూర్చోలేక లేచి వేదిక దగ్గరికి పరిగెత్తి, వానొస్తోంది, కాయ కప్పించండి సార్ అని గట్టిగానే చెప్పింది. వేదిక మీదున్న ఒకావిడ కూర్చోమని సైగ చేసింది.

"సైరన్ మోగిందా? మోగలేదు," అన్నారు మంత్రిగారు మైకులో, తల మీద పడ్డ మొదటి చినుకు తుడుచుకుంటూ. "అదీ టెక్నాలజీ అంటే."

చప్పట్లు ఇంకా ఆగలేదు, వాన దబదబా దిగింది. సుబ్బరావమ్మ పట్టాల కోసం పరిగెత్తేసరికి అవి అక్కడ లేవు. రెండు మంత్రిగారి కుర్చీల మీదున్నాయి, ఒకటి మైకుసెట్టు మీద. నాలుగోది పట్టుకుని జయరావు గారు నిలువునా తడిసిపోతూ పెట్టె చుట్టూ కప్పుతున్నారు. ఆవిడా ఫర్హానా చేతులతో దోసిళ్లతో ఎంత కాయ చావిట్లోకి చేరేశారో అంతే మిగిలింది. రెండు బస్తాలు కూడా నిండలేదు. తక్కినదంతా నీళ్లలో తేలి కాన్వాయ్ చక్రాల దారిన పోయింది. సుబ్బరావమ్మ ఆ బురదలోనే కూలబడి నోరారా ఏడ్చింది.

నాలుగో రోజున జయరావు గారు నోటీసు పట్టుకుని సుబ్బరావమ్మ ఇంటికి వచ్చారు. ఫర్హానా అక్కడే ఉంది. పెట్టె రికార్డు ప్రకారం ఆ తేదీన చింతలతిప్పలో వాన పడలేదు. పడని వానకి నష్టపరిహారం ఉండదు. కాయ తడిసి ఉంది కాబట్టి, తూకం పెరగడానికి రైతే నీళ్లు చల్లిందని తేలింది. పెట్టె తనంతట తాను రాసుకున్న లాగ్ చూడండి, వాన ప్రోగ్రాంని ఏడుసార్లు చంపినట్టు ఉందని ఫర్హానా కాగితం తీసి చూపించింది. మంత్రిగారి సభలో ఏడు హత్యలని ఫైల్లోకి ఎక్కితే ఎంత గొడవమ్మా అని ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. దాంతోపాటే ఆమె కాంట్రాక్టు ఏడాది పొడిగించిన ఉత్తర్వు చేతికిచ్చారు. దాన్ని ఏం చెయ్యాలో తోచక ఫర్హానా అలా పట్టుకుని నిలబడింది. అంత సిగ్గు ఆమెకి పుట్టి బుద్ధెరిగాక వెయ్యలేదు.

చెబుతూ చెబుతూ జయరావు గారు తెరలు తెరలుగా దగ్గుతున్నారు. కళ్లెర్రబడ్డాయి, గొంతు పూడుకుపోయింది. ఇంటికొచ్చిన మనిషి కదా అని సుబ్బరావమ్మ లోపలికెళ్లి మిరియాల కషాయం కాచి తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగి, ప్రాణం లేచొచ్చిందమ్మా అన్నారు.

"ఇంత జలుబు ఎక్కడ పట్టింది సారూ?" అంది సుబ్బరావమ్మ.

"ఇంకెక్కడమ్మా, ఆ రోజు మీ కల్లంలో వానకి తడిసిపోలా?" అన్నారు జయరావు గారు, నోటీసు మీద వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపిస్తూ.