పాట వినకుంట మెచ్చుకునే విద్య

పాట వింటే పాట పాడైతది. ఈ ముచ్చట నేను ఊకె అంటలేను, మూడేండ్ల అనుభవం మీద అంటున్న. పాటను ప్రేమించాలె, యాది చేసుకోవాలె, దాని మీద గంటలకు గంటలు కొట్లాడాలె. వినుడెందుకు?

నమ్మరా? అయితే మా ‘దుర్లభ సంగీత మండలి, నాందేడ్’ల చేరుండ్రి. వాట్సప్ గ్రూపు. నూటపదమూడు మందిమి ఉన్నం. తెలుగు, మరాఠీ, హిందీ, ఏ భాష నోటికొస్తే ఆ భాషల రాస్తం. పొద్దుగాల ఆరింటికి మొదలైతది. ఎవలకూ తెల్వని పాటలు, ఎన్నడూ అమ్ముడుపోని ఆల్బమ్‌లు, క్యాసెట్‌కు రెండో దిక్కున్న నాలుగో పాట. సంగీతానికి ఇంత సేవ నడుస్తుంటే సర్కారుకు ఎరుకేనా?

మా అడ్మిన్ రాధాకిషన్ సేట్. కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. ఆయన తాన ఆరువందల క్యాసెట్లున్నయి, అన్నీ పైన కవరు చింపనియ్యి. “చింపితే వాల్యూ పోతది, అంబాదాస్ భావూ” అని నాతోని అంటడు. ఆరువందల ఆల్బమ్‌లు ఆయనకు ప్రాణంతోని సమానం. అండ్ల ఏమున్నదో మాత్రం ఆయనకు తెల్వది. ప్రేమంటే గట్లుండాలె.

ఉమేశ్ సార్ అని ఇంకొకాయన, ముఖేడ్‌ల టీచర్. తనకు నచ్చిన పాట ఇంకొకలకు సుత తెలుసని తేలితే, ఆ పాటను ఆ రోజే ఇడిసిపెడ్తడు. పోయిన నెల ఒక పాట గురించి ఏడ్చినంత పని చేసి, ‘ఈ పాట నాకు తప్ప భూమ్మీద ఎవలకూ తెల్వది’ అని రాసిండు. కుండల్‌వాడి నుంచి ఒకామె, ‘మా ఇంట్ల రోజూ పెడ్తం సార్’ అన్నది. అంతే! ఇప్పుడా పాట పేరెత్తితే ఆయన గ్రూపు ఇడిసిపోతా అంటడు.

నాది తరోడా నాకా కాడ రిపేరు దుకాణం. మిక్సీలు, ఫ్యాన్లు బాగు చేస్త. బోర్డు మీద ‘టేప్ రికార్డర్లు కూడా’ అని రాయించి పన్నెండేండ్లయింది. మా మండలి నుంచి ఇప్పటిదాక ఒక్కలు సుత టేప్ రికార్డర్ తేలేదు. దానికి నేను ఎన్నడన్న బాధపడ్డనా? వినుడు అనే అలవాటు లేని పెద్దమనుషుల నడుమ బతుకుతున్న అని మురిసిపోయిన.

ఇంకో లాభం సుత చెప్త. టైము. ఎవలన్న ఏడు నిమిషాల పాట పెట్టిండ్రనుకోండ్రి, నాలుగు సెకండ్లల్ల ‘అద్భుతం’ అని జవాబిస్తం. మిగిలిన ఆరు నిమిషాల యాభై ఆరు సెకండ్లు మనయే. దాంట్ల ఇంకా నూటనాలుగు పాటలు మెచ్చుకోవచ్చు. వింటూ కూసునేటోడు ఒక జన్మల ఎన్ని పాటలు మెచ్చుకోగలడు చెప్పుండ్రి?

గిప్పుడు మా ఇంటి ముచ్చట. మా మేనత్త పార్వతీబాయి పోయిన బేస్తారం మర్ఖేల్ నుంచి అచ్చింది. గొంతుల గడ్డ. సోమారం ఆపరేషన్. తర్వాత గొంతు ఎట్లుంటదో ముందుగాల చెప్పలేము అన్నడు డాక్టర్. అత్తకు కత్తి భయం లేదు. ఆమె రందంత ఒక పాట మీద.

అది కలుపు తీసేటప్పుడు పాడే పాట. ఆమె తల్లి నేర్పింది. ఏడు చరణాలు. ఒక సాలుల వంగినామె సగం అంటే, పక్క సాలు ఆడోళ్లు మిగిలిన సగం అందుకోవాలె. ఇప్పుడు చేన్లల్ల కలుపు మందు కొడ్తున్నరు. వంగుడు లేదు, పాడుడూ లేదు. అందుకునేటోళ్లు ఒక్కొక్కలే కాలం చేసిండ్రు. పాట మొత్తం వచ్చినామె ఇప్పుడు అత్త ఒక్కతే.

“అల్లుడా, జర నా ముంగట కూసో. గొంతు ఉండంగనే నీకు చెప్త,” అన్నది.

కూసునే పుర్సత్ యాడిది? ఆ దినమే మా గ్రూపుల పెద్ద చర్చ పెట్టిండ్రు, మాయమైతున్న పాటలను ఎట్ల కాపాడాలె అని. దాంట్ల నేనే ముఖ్య వక్తను! దుకాణం ఫోనుల రికార్డు బటను ఒత్తి అత్త చేతిల పెట్టిన. “పాడు అత్తా, గ్రూపుల పెడ్త. నూటపదమూడు మంది వింటరు” అని చెప్పి, సొంత ఫోను పట్టుకొని బయటి గద్దె మీద కూసొని పాటలను కాపాడిన.

జర సేపైనంక లోపలికి పోయి రికార్డు బందు చేసిన. ఏడు నిమిషాలు అచ్చింది. గ్రూపుల పెట్టిన. మూడో సెకండ్‌కే మొదటి ‘అద్భుతం’. అరగంటల అరవై రెండు. ఉమేశ్ సార్ కండ్లల్ల నీళ్లాగుతలేవు అని రాసిండు. రాధాకిషన్ సేట్ అయితే, ఈ పాటను ఎనభైమూడుల రేడియోల మొత్తం విన్న, ఇది దాని తర్వాతి రికార్డింగు అని తేల్చిండు. అత్త అప్పటికి ఊరు దాటి రేడియో స్టేషన్ మొఖం చూడలేదని నేను అనలే. మెచ్చుకుంటుంటే అడ్డం పడుతరా ఎవలన్న?

శుక్రారం నుంచి కొత్త కొట్లాట మొదలైంది. ఉమేశ్ సార్ ఎందుకో పాట నడుమల వేలు పెట్టి రెండు సెకండ్లు విన్నడంట. అండ్ల ఒక వాయిద్యం ఉన్నది. అది సన్నాయా, క్లారినెట్టా? గ్రూపు రెండు పార్టీలైంది. నేను సన్నాయి పార్టీ. ఐతారం దినమంత నేను సన్నాయి తరఫున వాదించిన. అత్త ముంగటి అర్రల చాప పరిచి, చాయ్ కప్పులు కడిగి పెట్టుకొని, దర్వాజ దిక్కే చూస్తుండె. ఆపరేషన్ రందితోని అట్ల కూసున్నదేమో అనుకున్న.

సోమారం అత్తను లోపలికి తీసుకపోయిండ్రు. దవాఖాన బెంచీ మీద నాకు తోస్తలేదు. సన్నాయి ముచ్చట తేల్చేద్దామని ఆ రికార్డు పెట్టిన. మండలిల ఎవలూ చెయ్యని పని చేసిన. మొదటి నుంచి విన్న.

అది సన్నాయి కాదు. క్లారినెట్టూ కాదు. మా ఇంటి కుక్కర్!

అత్త సగం పాట అంటది, ఆగుతది. ఎవలన్న అందుకుంటరని చూస్తది. సప్పుడుండది. మళ్ల సగం అంటది, మళ్ల ఆగుతది. ఒక్కసారి వంటింట్ల నుంచి కుక్కర్ సీటీ కొట్టింది. ఆ పాటను అందుకున్నది అదొక్కటే. రెండు చరణాలు గట్లనే పాడి ఆపేసింది. తర్వాత మాటలు.

“ఎవలూ అందుకుంటలేరు గద. ఒక్కదాన్నే గిది ఎట్ల పాడాలె? మిగిలింది ఎదురుంగ కూసున్నోళ్లకు చెప్త. ఐతారం దాక అల్లుని ఇంట్లనే ఉంటా. వింటున్నోళ్లు ఒక్కలన్న రాండ్రి. చాయ్ పోస్త.”

దాని తర్వాత నాలుగు నిమిషాలు ఏం లేదు. బటను బందు చేసుడు ఆమెకు రాదు. గాజుల సప్పుడు, ఒకసారి దగ్గు, దూరంగ బయట నేను ఫోనుల ఎవలతోనో పాటలను కాపాడాలె అని లొల్లి చేస్తున్న గొంతు.

నాకు తల కొట్టేసినట్టయింది. రాధాకిషన్ సేట్‌కు ఫోను కొట్టిన. “సేట్, మీరు రేడియోల మొత్తం విన్నరు గద. మూడో చరణం జర చెప్పుండ్రి” అన్న. “మూడో చరణం అంత ఖాస్ ఉండది భావూ” అన్నడు. “మొదటి రెండిట్లనే జాన్ ఉన్నది.”

పొద్దుగూకే యాళ్లకు అత్తను వార్డుకు తెచ్చిండ్రు. మెడకు పట్టీ. మూడు నెలలు మాట్లాడద్దు, గుసగుస సుత వద్దు అన్నరు. రాసుడు ఆమె నేర్వలే. నన్ను చూసి ఒక వేలు లేపి, ఆ వేలును చెవికి తాకించుకున్నది. నూటపదమూడు మందిల ఒక్కలన్న విన్నరా అని.

“లేదత్తా. నేను సుత ఇయ్యాల్నే విన్న” అన్న.

తిడుతదనుకున్న. తిడితే మంచిగుండేది. ఆమె నా చెయ్యి గుంజుకొని అరచేతి మీద వేళ్లతోని తాళం మొదలువెట్టింది. అప్పటికి ఆ రెండు చరణాలు బెంచీ మీద నాలుగుసార్లు విని ఉన్న గనుక, నాకొచ్చిన గొంతుతోని మెల్లగ ఎత్తుకున్న. ఆమె రికార్డుల అన్నదాక అన్న, ఆమె ఆగినకాడ ఆగిన.

అత్త పెదవులు కదిలినయి. నర్సు చూసి గదమాయించింది. పెదవులు మూసుకున్నది గని తాళం ఆపలే. అందుకోవాల్సిన సగం నాకు రాదు.