మెరుపు పోయిన తాళంచెవి బిళ్లలు

"జయరామూ, రాయలసీమ మొత్తానికి బుర్ర ఒకటే ఉండాది. అది ఇప్పుడు నీ షెడ్డులోకి నడిచొచ్చినాది" అన్నాడు నా స్నేహితుడు ఏకాంబరం, గడప తట్టుకుని పడబోతూ.

అప్పటికి, అంటే 2001 జూన్‌లో, నా చేతిలో ఉన్నవి ఇవి: తిరుపతి బస్టాండు వెనక రేకుల షెడ్డు, బిళ్లలు పోసే రెసిన్ జిగురు ఒక పీపా, ఎరుపు, నీలం రంగుపొడుల డబ్బాలు, పోతపోసే తాయమ్మ, ఇంకా లాడ్జి హరినాథ్ ఇచ్చిన ఆర్డరు. గదుల తాళంచెవులకు రెండు వందల బిళ్లలు, శనివారానికి. అది తప్పితే షెడ్డు మూసేసి గూడూరులో మా మామ నిమ్మకాయల మండీలో కూర్చోవాలి. ఏకాంబరాన్ని లాభంలో రాయాలో, నష్టంలో రాయాలో ఇరవై ఏళ్లుగా తేలలేదు.

వచ్చిన చిక్కల్లా రంగులతోనే. కొన్నప్పుడు పండుమిరపకాయలా ఉన్న ఎరుపు వారంలో పాత ఇటుకయింది. నెమలికంఠం లాంటి నీలం బూడిద మబ్బయింది.

"మామూలు దొంగతనం కాదప్పా" అన్నాడు ఏకాంబరం. " రంగును వదిలేసి అందులోని మెరుపును మాత్రం ఎత్తకపోతా ఉండారు. పెద్ద ముఠా."

"మెరుపును దేంట్లో పోసుకుని పోతారు?"

"అదొక్కటే తేలాల."

ఎదుటి బజ్జీల సంతోషమ్మ చీర మరీ ఎర్రగా ఉందని వడమాలపేట దాకా వెంబడించాడు. సాయంత్రానికి ఆమె చెల్లెలి పెళ్లిపత్రిక పట్టుకుని తిరిగొచ్చాడు.

శనివారం పొద్దున్నే పోతబల్ల కింద మాటు వేశాడు. తుమ్మొచ్చింది. తల బల్లకు కొట్టుకుంది. పైనున్న గిన్నె బోర్లాపడి, అందులోని తెల్లపొడి సగం అతని ముఖం మీద, సగం ఎరుపు డబ్బాలో పడింది. పడిన చోటల్లా ఎరుపు నా కళ్లముందే వెలిసిపోయింది.

"అయ్యో, సామి పొడి" అంది తాయమ్మ.

"ఏం పొడి?"

"నామంకట్టి సామీ. దినామూ పొద్దున డబ్బాలకు నామం పెడతా కదా. మిగిలింది ఎండినాక రంగులోనే కలిపేస్తా. సామి వస్తువును కాళ్లు పడేచోట పారేస్తామా?"

బల్ల కింది నుంచి తెల్లముఖం బయటికొచ్చింది. "నా వల సరిగ్గా పడినాది" అంది.

నేను బిళ్లల మీద గుడ్డ కప్పేలోపే హరినాథ్ వచ్చి, ఒకటి తీసి వెలుగులో చూశాడు.

"ఏమప్పా, ఇట్ట వెలిసిపోయి ఉండాదే?"

నేను మనసులో గూడూరు బస్సు ఎక్కేశాను.

"ఇదే కావాల. మెరిసే బిళ్లలన్నీ యాత్రికులు ప్రసాదం మాదిరి ఊరికి ఎత్తకపోతా ఉండారు. దీన్ని ఎవురూ ఆశపడరు. ఇంకో మూడు వందలు పొయ్యి. రంగు మాత్రం మారకూడదు సూడు."

చివరికి మిగిలినవి: షెడ్డు, అయిదు వందల బిళ్లల పని, కొత్తగా తెప్పించిన గంపెడు నామంకట్టి. ఏకాంబరాన్ని తొలిసారి లాభంలో రాసుకున్నాను, మధ్యాహ్నం అతను ఆ గంపలో కాఫీ ఒలకబోసేదాకా.