రమ్మనే చెయ్యి, పొమ్మనే చెయ్యి

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కమీషన్ వ్యాపారి పీర్ సాహెబ్ ఆ రోజు పొద్దున్నే ఒకటే అనుకున్నాడు: కళ్లు చూపించుకోవాలి. కొట్టు ఎదురు మేడ మీద బట్టలారేసే గుల్నాజ్ రోజూ అతని వైపు చెయ్యి ఊపుతుంది. ఇతనికి భార్య పోయింది, ఆమెకు భర్త పోయాడు. ఆ చెయ్యి రమ్మంటోందో పొమ్మంటోందో ఈ మసక కళ్లకు తెలిసి చావదు. పొమ్మంటుంటే వెళ్లడం పరువు తక్కువ. రమ్మంటుంటే వెళ్లకపోవడం అంతకన్నా దరిద్రం.

చర్చి హాల్లో వారంపాటు కంటి శిబిరం పెట్టారు. డాక్టరు క్రీస్తురాజు అతని ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేశాడు. గోడ మీది అక్షరాలు కడిగిన ముత్యాల్లా కనిపించాయి. కానీ పీర్ సాహెబ్‌ది మార్కెట్ నోరు. చూపించిన సరుకు బాగుందని ఒప్పుకుంటే ధర పెరుగుతుంది. బతుకంతా ఆ మాట అన్న పాపాన పోలేదు.

"ఎట్టుంది సాహెబ్ గారూ?"

"ఏదోలే. ఇంకోటి తియ్యండి సార్."

"ఇదో?"

"దానికన్నా నయం. లోపల మంచిది దాచిపెట్టుంటారే, అది తియ్యండి."

డాక్టరు పవరు పెంచుకుంటూ పోయాడు. చివరికి విసిగి, "ఇంతకు మించింది నా పెట్టెలో లేదు" అన్నాడు.

"ముందే ఇది చూపిచ్చుంటే ఇంతసేపు పట్టేదా? ఇదే ఇచ్చెయ్యండి!" అని పీర్ సాహెబ్ బేరం గెలిచినవాడిలా లేచాడు.

మర్నాడు ఆ కళ్లద్దాలు పెట్టుకుని కొట్లో కూర్చున్నాడు. పవరెక్కువై లోకమంతా కుంచించుకుపోయింది. మనుబోలు రైతు నరేంద్రబాబు వచ్చి బస్తా విప్పాడు.

"ఏంది నరేంద్రా, రేగుపళ్లు తెచ్చినావు?"

"కోడిగుడ్లంత కాయలు సాయిబూ! కళ్లు గానీ పోయినాయా?"

"కళ్లకి కొత్త అద్దాలు కట్టిచ్చినా. నాకే చెప్తావా?"

మాటా మాటా పెరిగింది. నరేంద్రబాబు బస్తాలు పక్క కొట్టుకు ఎత్తించాడు. అతని వెనకే మిగతా రైతులూ నడిచారు. వాళ్లను ఆపబోయి పీర్ సాహెబ్ మెట్టు ఉందనుకున్న చోట అడుగేశాడు. అక్కడ మెట్టు లేదు. పోయి నిమ్మకాయల రాశిలో పడ్డాడు. పడ్డచోటి నుంచే మేడకేసి చూస్తే గుల్నాజ్ చీమంత ఉంది. చీమ చెయ్యి ఎటు ఊపితే ఎవడికి తెలుస్తుంది?

రోషం వచ్చింది. కళ్లద్దాలు జేబులో పడేసి తిన్నగా మేడెక్కాడు. దగ్గరికెళ్తే ఆమె ముఖం తేటగా కనిపించింది. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు, పెదాల చివర ఆపుకుంటున్న నవ్వు. ఇన్నాళ్లూ ఈ ముఖం రోడ్డు దాటితే చాలు, ఇక్కడే ఉంది.

"నిజం చెప్పు గుల్నాజ్. రమ్మంటున్నావా, పొమ్మంటున్నావా?"

"పోయిన రంజాన్ దాకా రమ్మన్నా. ఎంత పిల్చినా రాలేదు. అప్పట్నించి పొమ్మంటున్నా."

కింద రైతులు బేరాలు మానేసి తలలు పైకెత్తి చూస్తున్నారు. పీర్ సాహెబ్ ఇంకో అడుగు ముందుకేశాడు.

"మరి రేపు?"

"కళ్లద్దాలు సరిగ్గా చేయిచ్చుకోని, కింద నిలబడి చూడండి. తెలుస్తాది."

అతను శిబిరానికి పరుగెత్తాడు. క్రీస్తురాజు ఫ్రేము ముక్కు మీద పెట్టాడో లేదో, బతుకులో మొదటిసారి నోరారా, "ఫస్ట్ క్లాస్ సార్! ఇదే ఇచ్చెయ్యండి!" అన్నాడు.

డాక్టరు అందులో ఇంకా అద్దం వెయ్యలేదు.