ఎవరూ ముట్టుకోకండి

రాష్ట్రంలోని ప్రభుత్వ హాస్టల్ పిల్లలందరికీ ప్రపంచ స్థాయి భోజనం పెట్టాలని కంకణం కట్టుకున్న వసతిగృహాల శాఖామాత్యులు శ్రీ మల్లికార్జునరావు గారు, ఆ ప్రపంచ స్థాయి ఎలా ఉంటుందో స్వయంగా తిని తెలుసుకునే నిమిత్తం సతీసమేతంగా సింగపూర్ అధ్యయన యాత్రకు బయల్దేరిన వార్త మీరు పేపర్లో చదివే ఉంటారు. పిల్లల కోసం ఇంత దూరం వెళ్లి తినే నాయకుడు మరో రాష్ట్రానికి లేడని ఆ వార్తలోనే ఉంది. రాసింది మంత్రిగారి పీఏ ఈశ్వరరావే అయినా, మంత్రిగారి దీక్ష గురించి రాసిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కళ్లారా చూసినవాణ్ని కనుక చెబుతున్నాను.

నా పేరు వెంకటరాజు. బీఎస్సీ ఫస్ట్ క్లాస్. సింగపూర్ పడమటి కొసన తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో పరంజాలు కడతాను. మంత్రిగారికి దారి చూపించడానికీ, సంచులు మోయడానికీ మన నియోజకవర్గం మనిషే కావాలని కబురొస్తే, ఫోర్‌మన్‌ని బతిమాలి రెండు రోజులు సెలవు పెట్టాను. అభిమానంతో అనుకునేరు. నా సంచిలో ఒక కాగితం ఉంది.

మా అన్న కూతురు సుస్మిత మా మండలంలోని ఆడపిల్లల హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. వారానికి ఐదు గుడ్లని అక్కడి గోడ మీద పెయింటుతో రాసి ఉంది. దసరా సెలవులయ్యాక గోడ మీద తప్ప ఆ పిల్లలకు గుడ్డు ఎక్కడా కనబడలేదు. సుస్మిత నోటుపుస్తకంలో కాగితం చింపి మంత్రిగారికి అర్జీ రాసింది. ఎనభై మూడు మంది పిల్లల చేత సంతకాలు పెట్టించింది. చూడ్డానికి వెళ్లిన మా అన్న ఫోన్లోంచి నాకు పంపింది. నేను జురాంగ్ వెస్ట్‌లో ఒక కొట్లో దాన్ని పెద్ద కాగితం మీద ప్రింటు తీయించాను.

"మంత్రిగారి చేత సదివించు చిన్నాన్నా. సదివితే చాలు" అంది పిల్ల.

ఎంత పని! మంత్రిగారికి చదువొచ్చు. కాగితం నా దగ్గరే ఉంది. రెండు రోజులు పక్కనే ఉంటాను.

మొదటి రోజు పొద్దున్న ఫలహారానికి కాఫీ కొట్టుకు తీసుకెళ్లాను. కొబ్బరిపాల జామ్ రాసిన కాల్చిన రొట్టె, సగం ఉడికిన గుడ్లు, చిక్కటి కాఫీ వచ్చాయి. మంత్రిగారి సతీమణి తారాదేవి గారు రొట్టె మీద చెయ్యి వేయబోయారు.

"ఎవరూ ముట్టుకోకండి!" అని కేకపెట్టారు మంత్రిగారు.

పక్క టేబుల్లో తన గిన్నెలో తను తింటున్న చైనా ముసలాయన కూడా చెంచా కింద పెట్టేశాడు.

మంత్రిగారు ఫోన్ తీశారు. పైనుంచి తీశారు. పక్కనుంచి తీశారు. కుర్చీ ఎక్కి తీశారు. గుడ్డుకు కోపం రాకుండా దగ్గరికెళ్లి తీశారు.

"షుగర్ మాత్ర వేసుకుని ఇరవై నిమిషాలైందండీ" అన్నారు తారాదేవి గారు.

"మేడమ్, తమరు దీన్ని తిండిగా చూడకూడదు" అని ఈశ్వరరావు వినయంగా వివరించాడు. "ఇది ఎవిడెన్స్. రేపు అసెంబ్లీలో ఏం అధ్యయనం చేశారని అడిగితే చూపించాల్సింది ఇదే. తమరు కొరికారంటే ఎవిడెన్స్ టాంపరింగ్ అవుతుంది."

"పిల్లల కోసం పది నిమిషాలు ఓర్చుకోలేవా తారా?" అన్నారు మంత్రిగారు.

"మన పిల్లలకేమండీ, ఇద్దరూ ఇంటి దగ్గర శుభ్రంగా తింటున్నారు."

మంత్రిగారు ఆ మాట విననట్టు గుడ్డు మీద పడ్డ నీడను చూసి బాధపడ్డారు. "ఒక తెల్ల కాగితం ఉంటే బాగుండేది. వెలుగు మళ్లించాలి."

గబగబా సంచి విప్పాను. "ఉందండి. కాస్త చదివి కూడా..." అంటూ అర్జీ అందించాను.

మంత్రిగారు దాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు గుడ్డుకు ఎదురుగా నిలబెట్టారు. "శభాష్! ఏం పేరన్నావ్?"

"వెంకటరాజండి. సార్, ఆ కాగితం వెనక..."

"కదపకు. కొంచెం ఎడమకి. అద్గదీ!"

అలా నేను సుస్మిత అర్జీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఎనభై మూడు సంతకాలు నావైపు, గుడ్డు మంత్రిగారివైపు. ఫోటోలు అయ్యేసరికి రొట్టె అట్టముక్కలా బిగుసుకుపోయింది. కాఫీ మీద మీగడ కట్టింది. మంత్రిగారు టైము చూసుకుని "పదండి, మధ్యాహ్నం భోజనానికి ఆలస్యమవుతుంది" అన్నారు.

మధ్యాహ్నం హాకర్ సెంటర్, అంటే ఒకే కప్పు కింద బోలెడు తిండి కొట్లు. అక్కడ టేబుల్ మీద టిష్యూ పొట్లం పెడితే ఆ టేబుల్ మనదే. దాన్ని చోప్ చేయడం అంటారు. ప్రధానమంత్రి వచ్చినా ఆ పొట్లాన్ని కదపడు. ఈ సంగతి చెబితే ఈశ్వరరావు జేబులు తడుముకుని, పొట్లం లేక, 'అధ్యయన నివేదిక' అని బంగారు రంగు అక్షరాలున్న ఫైలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఎవరూ రాలేదు. ఆ రోజు మొత్తంలో ఆ ఫైలు చేసిన పని అదే, చాలా బాగా చేసింది.

పన్నెండు రకాలు తెప్పించారు. నేను కాగితం పట్టుకున్నాను. పన్నెండోది ఐస్ కచాంగ్, అంటే మన ఐస్ గోలా లాంటిదే, కింద బీన్స్ ఉంటాయి. దాని వంతు వచ్చేసరికి గిన్నెలో మూడు రంగుల నీళ్లు మిగిలాయి.

"ఇదేంటయ్యా?"

"సూపండి" అన్నాడు ఈశ్వరరావు చప్పున ఫోన్లో రాసుకుంటూ. "చల్లని సూప్. పోషక విలువలు అధికం."

ఆ పూట తారాదేవి గారు టేబుల్ కింద చేతిసంచిలో చెయ్యి పెట్టి, విమానంలో ఇచ్చిన బిస్కెట్లు ఒక్కొక్కటే తిన్నారు. చప్పుడు కాకుండా నమలడం ఎంత కష్టమో నాకు ఆవిడను చూశాకే తెలిసింది.

రెండో రోజు క్రూజ్. నదిలో తిప్పే చిన్న పడవ కాదు. రేవులోంచి సముద్రంలోకి తీసుకెళ్లి, భోజనం పెట్టి, రెండు గంటల్లో ఒడ్డుకు చేర్చే మూడంతస్తుల ఓడ. "సముద్రం మీద భోజనం పెట్టడంలో వాళ్ల సిస్టమ్ ఏంటో చూడాలి" అన్నారు మంత్రిగారు. మా హాస్టళ్లలో ఒక్కటీ సముద్రం మీద లేదు గానీ, ముందుచూపు ఉన్నవాళ్లను అలాంటివి అడగకూడదు.

ఎర్రగా మెరిసే పెద్ద రొయ్యలు, అడ్డంగా పడుకున్న చేప, గోపురంలా పేర్చిన పళ్లు అన్నీ మా టేబుల్ మీదకు తరలించారు. వెనక వడ్డించుకోవడానికి నిలబడ్డ జనం వడ్డన బల్ల వైపు కాకుండా మా బల్ల వైపు క్యూ కట్టారు. గాలి ఎక్కువగా ఉంది. నా చేతిలో కాగితం రెపరెపలాడి అటూ ఇటూ తిరుగుతోంది.

"సరిగ్గా పట్టుకోవయ్యా రాజూ! రొయ్య కళ్లలో వెలుగు పోయింది!"

"సార్, ఇటువైపు ఏదో రాసి ఉందండి. ఒక్కసారి చూస్తే..."

"రాతలు వద్దు. రొయ్య డిస్టర్బ్ అవుతుంది."

నూట నలభై ఆరో ఫోటో తీసేసరికి ఓడ ఒడ్డుకు ఆనింది. మా నాన్న వయసున్న సర్వర్ ఒకాయన వచ్చి, ఇక్కడి మర్యాద ప్రకారం "అంకుల్, ఫినిష్ ఆల్రెడీ ఆ?" అంటూ పళ్లేలు ఎత్తడం మొదలెట్టాడు.

"ఫినిష్" అన్నారు మంత్రిగారు తృప్తిగా. "వెరీ టేస్టీ."

రేవు దగ్గర బెంచీ మీద తారాదేవి గారు కూలబడ్డారు. షుగర్ పడిపోయింది. నా సంచిలో మా కూలీల డార్మిటరీలో ఇచ్చే క్యాటరింగ్ పొట్లం ఉంది. అన్నం, పప్పు, కాస్త క్యాబేజీ. తెల్లవారుజామునే ఇచ్చేస్తారు, మధ్యాహ్నానికి చల్లారిపోతుంది. మొహమాటపడుతూనే ఇచ్చాను. ఆవిడ పొట్లం విప్పి, తలెత్తకుండా తిన్నారు.

"ఇల్లు వదిలాక అన్నం మొహం ఇప్పుడే చూశాను నాయనా. మరి నువ్వో?"

"నాకు అలవాటేనండి."

మంత్రిగారు ఫోన్ ఎత్తి, పొట్లం వైపు గురిచూసి, దించేశారు. "ఇది ఫోటోకి రాదు" అన్నారు.

సాయంత్రం షాపింగ్ మాల్‌కు వెళ్లాం. అక్కడొక జపాన్ హోటల్. ముందు గాజు అద్దాల వెనక వాళ్లు చేసే వంటలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. మంత్రిగారు అక్కడ ఆగిపోయారు. ఇరవై నిమిషాలు తీశారు. ఐస్‌క్రీమ్ కరగలేదు. సూప్ మీద తొరక కట్టలేదు. ఒక గిన్నెలోంచి చాప్‌స్టిక్స్‌తో పైకెత్తిన నూడుల్స్, పట్టుకున్నవాళ్లెవరూ లేకుండానే, గాల్లో అలాగే నిలబడ్డాయి.

"చూశావా ఈశ్వరరావ్! దీన్నంటారు డిసిప్లిన్!"

లోపల్నించి పని చేసే అమ్మాయి వచ్చింది. "అంకుల్, దిస్ వన్ డిస్‌ప్లే ఓన్లీ లా. కెనాట్ ఈట్."

"తినేవి కావటండి" అన్నాను. "ప్లాస్టిక్‌తో చేసినవట."

మంత్రిగారు చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎన్నాళ్లు ఉంటాయో అడుగు."

అడిగాను. "పదేళ్లయినా పాడవవటండి."

ఈశ్వరరావు ఫైలు తెరిచాడు. మొదటిసారి అందులో ఏదో రాశాడు.

తర్వాత మంత్రిగారు మాల్‌లో బెంచీ మీద కూర్చుని ఆ రెండు రోజుల ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ పోయారు. ఓడ మీద రొయ్య దగ్గర వేలు ఆగింది.

"ఈ మూల ఈ రాతలేంటి?"

గాలికి తిరగబడ్డ కాగితం ఆ ఫోటోలో స్పష్టంగా పడింది. ఆయన రెండు వేళ్లతో పెద్దది చేశారు. రెండు రోజులు మొహం ముందు పట్టుకుంటే చదవని కాగితాన్ని ఫోటోలో పెట్టేసరికి పైకే చదివారు.

"'గౌరవనీయులైన మంత్రిగారికి, మేం ఎనభై మూడు మంది ఆడపిల్లలం. దసరా నుంచి మాకు గుడ్డు పెట్టడం లేదు. అడిగితే పైనుంచి రావడం లేదంటున్నారు. పైన ఉన్నది మీరే కాబట్టి మీకు రాస్తున్నాం.'"



"ఎవరీ పిల్ల?"

"మా అన్న కూతురండి. సుస్మిత."

"ముత్యాల్లాంటి దస్తూరీ" అన్నారు మంత్రిగారు. "ఈశ్వరరావ్, నోట్ చేసుకో. పథకం ఈ పిల్ల హాస్టల్‌తోనే మొదలు. ఇక మీదట అక్కడ పళ్లెంలో గుడ్డు లేని రోజు ఒక్కటి ఉండకూడదు. ఇది నా మాట."

"అదొక్కటైనా చెయ్యండి, పుణ్యముంటుంది" అన్నారు తారాదేవి గారు.

నేను మంత్రిగారి కాళ్లకు దండం పెట్టాను. ఆయన ఈశ్వరరావును పిలిచి దాన్ని ఫోటో తీయించారు. ఆ సాయంత్రమే అన్నకు ఫోన్ చేసి చెప్పాను. మంత్రిగారు చదివారు, మాటిచ్చారు, పిల్లకు చెప్పు అని.

నెలన్నర తిరిగేసరికి 'మన పళ్లెం' పథకం వచ్చింది. ప్రతి హాస్టల్ రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనం ఫోటో యాప్‌లో పెట్టాలి. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. మొదటి హాస్టల్, అన్నట్టుగానే, మాదే.

నేను యార్డులో టీ టైములో యాప్ తెరిచాను. స్టీలు పళ్లెంలో మల్లెపూవులాంటి అన్నం, పప్పు, వంకాయ కూర, గడ్డపెరుగు. ఆ పక్కన నిలువునా కోసిన గుడ్డు, మధ్యలో బంతిపువ్వులాంటి పచ్చసొన. మర్నాడు చూశాను, గుడ్డుంది. వారమంతా చూశాను, ఐదు రోజులు కాదు, ఏడు రోజులూ ఉంది. నా గదిలో ఉండే ఏసుబాబు ఫోన్ లాక్కుని చూశాడు.

"ఒరే రాజూ, సింగపూర్‌లో ఉన్నది మనమా, ఆ పిల్లలా?"

మంత్రి మాటంటే అలా ఉండాలని నేను డార్మిటరీలో పన్నెండు మందికీ చూపించాను. ఆదివారం అన్న హాస్టల్‌కు వెళ్లి ఫోన్ కలిపాడు.

"సుస్మితా, గుడ్డు వచ్చిందా?"

"ఒచ్చింది చిన్నాన్నా. పెద్ద అట్టపెట్టెలో, దూది మధ్యన పెట్టి పంపినారు."

"దూదేంటి?"

"పగిలిపోకుండా. అన్నం, పప్పు, కూర, పెరుగు అన్నీ అందులోనే ఒచ్చినాయి. వార్డెన్ మేడం బీరువాలో పెట్టి తాళం ఏసుకున్నారు. పన్నెండున్నరకి తీసి, ఫోటో అయిపోయాక మళ్లీ పెట్టేస్తారు. దాని చుట్టూ అందరం నిలబడతాం గానీ, ఎవరూ ముట్టుకోకండి అంటారు."

పిల్లే మళ్లీ అంది.

"నన్ను ముట్టుకోనిచ్చారు చిన్నాన్నా, అర్జీ రాసింది నేనే కదా. నిన్న తుడిసే వంతు నాకిచ్చినారు. సబ్బు మాత్రం పెట్టొద్దన్నారు, పచ్చసొన రంగు పోతాదంట."