మామగారి మేత

ఆ రోజు ఉదయం విశ్లేషకుడు చేద్దామనుకున్నవి చాలా చిన్న పనులు. స్నానం చేయాలి, గాజు ఫ్యాక్టరీలో బట్టీ మేస్త్రీకి ఫోన్ చేయాలి, టీ తాగి ఆఫీసుకు పోవాలి. తీరా చూస్తే స్నానాల గదిలో మామగారు ఉన్నారు. ఊరికే నిలబడి కాలం వృథా చేయడం ఎందుకని అతను ఆ తలుపు ముందే ఫోన్ పని మొదలుపెట్టాడు. కాలమే కాదు, ఏది వృథా అయినా అతనికి గిట్టదు.

గిట్టకపోవడమే అతని ఉద్యోగం. ఊరంతా కలిసి ఎంత కరెంటు, ఎంత గ్యాసు, ఎంత నీరు మింగుతోందో చూసి, ఎక్కడ కోత పెట్టవచ్చో నగరపాలక కార్యాలయానికి చెప్పాలి. ఆ ఏడాది ఊరు పచ్చ నగరం పోటీలోకి దిగింది. ఊరు మింగేదాంట్లో పెద్ద ముద్ద గాజు బట్టీది. గాజు బట్టీని ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆర్పరు. చల్లారిందంటే లోపల గాజు గడ్డకట్టి ఇటుకలు పగిలిపోతాయి. అందుకని సీసాలు పోసినా పోయకపోయినా దానికి గ్యాసు పెడుతూనే ఉండాలి. ఎప్పుడూ వేడిమీద ఉంటుంది, వేళ తప్పితే ఊరుకోదు, ఎదురుగా నిలబడే ధైర్యం ఎవరికీ లేదు. ఇన్ని లక్షణాలు చూసి కార్మికులు దానికి ‘మామగారు’ అని పేరు పెట్టుకున్నారు. గ్యాసుకు ‘మేత’ అని పేరు. వెళ్ళి వెళ్ళి విశ్లేషకుడి నోటికి కూడా అవే మాటలు పట్టుబడ్డాయి.

“మామగారి సంగతి ఈ వారంలో తేల్చేయాలండీ,” అన్నాడు ఫోన్లో. “పనేమో సగానికి పడిపోయింది, మేత మాత్రం పిసరంత తగ్గలేదు.”

అవతల మేస్త్రీ ఏదో సర్దిచెప్పబోయాడు.

“వయసైపోయిందని నాకూ తెలుసు. లోపలంతా బీటలే. అలాగని ఎన్నాళ్ళు మేపుతాం? ముందు మేత తగ్గించి చూద్దాం. అప్పటికీ దారికి రాకపోతే ఊరవతలకి పంపేయడమే.” మళ్ళీ కాసేపు విని నవ్వాడు. “ఆ చోటు ఖాళీగా ఎందుకుంటుందండీ, సైకిళ్ళు పెట్టుకోవచ్చు.”

తలుపుకు ఇవతల ఇలా ఉంటే, అవతల అసలు మామగారు మొహానికి సబ్బు రాసుకుని కొళాయి కట్టేసి ఉన్నారు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడింది.

ఆయన బడిలో డ్రిల్లు మేష్టారుగా చేసి దిగిపోయిన మనిషి. భార్య పోయాక కూతురు పట్టుబట్టి తన దగ్గరకు తెచ్చుకుని ముందు గది ఇచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఆయనకు ఒకటే మథన. తను ఈ ఇంటికి చుట్టమా, ఇంటి మనిషా? ఎవరూ చెప్పలేదు, తనంతట తాను అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఇవాళ అడక్కుండానే జవాబు దొరికింది. ఎదురుగా ఉంటే ‘మామయ్యగారూ’ అని నోరారా పిలిచే అల్లుడు చాటున ‘మామగారు’ అంటున్నాడు. అనుకోనీ. కానీ అన్నం అనకుండా మేత అన్నాడు. అది ఆయన గుండెలో ముల్లులా దిగింది.

మామూలు మనిషయితే పోట్లాడేవాడు. డ్రిల్లు మేష్టారు గనక క్రమశిక్షణకు దిగారు. పంపించేదాకా ఆగడం ఎందుకు, ఈ ఇంట్లో తన వల్ల ఒక్క దీపం కూడా ఎక్కువ వెలగకూడదని నిశ్చయించుకున్నారు. మర్నాటి నుంచి వేన్నీళ్ళు మానేశారు. చలికాలం అయినా గదిలో హీటరు ముట్టుకోలేదు. రేడియో మూగబోయింది. రోజూ చొక్కాకు చేసుకునే ఇస్త్రీ కూడా ఆపేశారు. కంచంలో కూతురు వడ్డించిందాంట్లో సగం వెనక్కి తోసి, కడుపు బరువుగా ఉందమ్మా అనేవారు.

అయితే మనిషన్నాక బతకాలి కదా. పక్కింట్లో గడియారాలు బాగుచేసే ముసలాయన ఒంటరిగా ఉంటాడు, మాట తోడు కోసం మొహం వాచి ఉన్నాడు. మామగారు పొద్దున్నే తువ్వాలు కింద చొక్కా దాచుకుని అక్కడికి వెళ్ళేవారు. వేన్నీళ్ళ స్నానం అక్కడే, ఇస్త్రీ అక్కడే, రేడియో, టీ, చదరంగం, భోజనం అన్నీ అక్కడే. సాయంత్రం హీటరు ముందు బకెట్లో వేన్నీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. గడియారాలాయన ఇన్నేళ్ళకు తన ఇల్లు ఇల్లులా ఉందని మురిసిపోయాడు.

ఇక్కడి ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. కూతురు అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఉద్యోగం చేస్తుంది, వచ్చేసరికి చీకటి పడుతుంది. నాన్న తిండి తగ్గిందని మాత్రం కనిపెట్టి భర్తను నిలదీసింది.

“ఏమండీ, నాన్నను మీరేమైనా అన్నారా?”

“నేనా? ఆయనతో మాట్లాడే తీరికే లేదు నాకు,” అన్నాడతను. అది నిజమే. అతని కళ్ళు అప్పటికే ఇంకోచోట ఉన్నాయి.

అతను తన ఇంటిని నమూనా ఇల్లుగా మార్చి ప్రతి స్విచ్చుకూ చిన్న మీటరు తగిలించాడు. వాడకం హద్దు దాటితే వెలిగేలా హాల్లో ఒక ఎర్ర దీపం పెట్టాడు. ఆ దీపాన్ని చూసి ఇంట్లోవాళ్ళు వాడకం తగ్గిస్తారని అతని సిద్ధాంతం. నెలలు గడిచినా తగ్గలేదు. ఇప్పుడు ఉన్నట్టుండి మీటర్ల లెక్క చూపించే గీత జారుడుబల్ల ఎక్కినట్టు కిందకు వచ్చింది. తన సిద్ధాంతం పండిందని అతను పొంగిపోయి, మామగారు తిండి ఎందుకు తగ్గించారో ఆలోచించకుండా, ఆఫీసులో తన పైఅధికారి డైరెక్టరమ్మకు చెప్పేశాడు.

డైరెక్టరమ్మ ఊరంతా ఎర్ర దీపాలు పెట్టిస్తానని పత్రికలవాళ్ళతో చెప్పింది. పచ్చ నగరం న్యాయనిర్ణేతలు వచ్చినప్పుడు ముందుగా విశ్లేషకుడి ఇల్లే చూపించాలని తీర్మానం చేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దీపాల ప్రారంభోత్సవానికి రిబ్బను కూడా కొనిపెట్టారు.

ఈలోగా కూతురు తండ్రిని డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. డాక్టరు నాడి చూసి, తూకం వేసి, ఒళ్ళు కాస్త ఎక్కువయింది, తిండి తగ్గించమని చెప్పాడు. ఆ మాటకు కూతురు తెల్లబోయింది. మామగారి మొహం మరీ పాలిపోయింది. చివరికి డాక్టరు కూడా అల్లుడితో కలిసిపోయాడని ఆయన అనుకున్నారు. విశ్లేషకుడికి మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. లోపలికి పోయేది తగ్గి బరువు పెరగడం ఏ బట్టీలోనూ జరగదు. తూకం యంత్రం పాడయి ఉంటుందని సమాధానపడ్డాక గానీ కన్ను మూతపడలేదు.

ఇక పక్కింటి గడియారాలాయన. ఆయన మీటరు గుర్రంలా పరుగెత్తుతోంది. క్షణంలో వెయ్యోవంతు తేడా పట్టుకోగల మనిషే గానీ, ఇంట్లో స్నేహితుడు కాళ్ళు కాచుకుంటుంటే కారణం అదేనన్న అనుమానం ఆయనకు రాలేదు. వచ్చినా పైకి అనేవాడు కాదు. పక్కింట్లో ఎర్ర దీపం వచ్చాకే ఇదంతా మొదలైందని తేల్చాడు. ఆ దీపం గోడలోంచి తన కరెంటు లాగేస్తోందేమోనని మామగారిని అడిగాడు.

“ఏమో, నాకూ ఆ దీపం మొదటినుంచీ మంచిదిగా కనపడలేదు,” అన్నారు మామగారు బకెట్లో కాళ్ళు కదుపుతూ.

అంతే, చిలికి చిలికి గాలివాన అయింది. సొంత అల్లుడి దీపాన్ని మామగారే అనుమానించాక వీధిలో వేరే సాక్ష్యం ఎవరికి కావాలి? మీటరు ఎక్కువ తిరిగిన ప్రతి ఇల్లూ దీపాన్నే తిట్టింది. అందరూ కలిసి విశ్లేషకుడి గుమ్మం ముందుకు వచ్చారు. దీపం కరెంటు లాగదని అతను తీగలు విప్పి చూపించాడు. ఇంత ఓపికగా చెబుతున్నాడంటే ఏదో ఉందని వాళ్ళు మరింత గట్టిగా నమ్మారు. దానికి తోడు, వీధి మొత్తం వాడకం ఆఫీసులో తీసి చూస్తే ఏమీ తగ్గలేదు. తన ఇంట్లో తగ్గినదంతా ఏమైపోయిందో అతనికి అంతుపట్టలేదు.

న్యాయనిర్ణేతలు రానే వచ్చారు. ముందు ఒక పెద్దావిడ, వెనక సహాయకులు, పక్కన డైరెక్టరమ్మ. వాళ్ళను చూసి వీధివాళ్ళు కూడా గుమిగూడారు. కూతురు సెలవు పెట్టి టీ కాచింది. విశ్లేషకుడు గీత చూపించి, దీపం గొప్పతనం వివరించి, ఇంట్లో వేడి ఎక్కడా వృథా కావడం లేదని నిరూపించడానికి వేడిని రంగుల్లో చూపించే కెమెరా తీశాడు. చల్లని చోట్లు నీలంగా, వేడి చోట్లు ఎర్రగా కనపడతాయి. ఇల్లంతా నీలంగా ఉంది. ముందు గది గోడ దగ్గరకు వచ్చేసరికి, మధ్యలో ఒక చోట భగ్గున ఎరుపు.

“ఆ గోడవతల ఏముంది?” అని అడిగింది పెద్దావిడ.

“గడియారాల ఇల్లండీ,” అన్నాడతను.

“గడియారాలు ఇంత వేడెక్కుతాయా?”

గుంపంతా పక్కింటికి కదిలింది. తలుపు తీస్తే ఎదురుగా గోడకు ఆనించిన హీటరు, దాని ముందు బకెట్లో కాళ్ళు పెట్టుకుని మామగారు, పక్కన పొగలు కక్కే టీ కెటిల్, వేడి వేడి ఇస్త్రీ పెట్టె, గదంతా మారుమోగే రేడియో. చదరంగంలో ఆయన గెలుపు మీద ఉన్నారు. కెమెరా తెరమీద ఆయన పండిన టమాటాలా ఎర్రగా మెరిశారు.

గడియారాలాయన రేడియో కట్టేశాడు. మామగారు బకెట్లోనే లేచి నిటారుగా నిలబడ్డారు.

“మీరు పంపించేదాకా ఎందుకని నేనే వచ్చేశాను, అల్లుడుగారూ.”

“మిమ్మల్ని పంపిస్తానని ఎవరన్నారు మామయ్యగారూ?”

“మీరే అన్నారు. మేపలేమన్నారు. లోపలంతా బీటలన్నారు. నా గదిలో సైకిళ్ళు పెట్టుకుంటామని నవ్వారు కూడా.”

విశ్లేషకుడికి విషయం తలకెక్కడానికి కొంత సమయం పట్టింది. ఎక్కాక నేల చీలితే బాగుండుననిపించింది. అది బట్టీ అనీ, కార్మికులు పెట్టిన పేరనీ, మేతంటే గ్యాసనీ, న్యాయనిర్ణేతల ముందు, వీధి ముందు చెప్పుకొచ్చాడు. మామగారు అంతా విని, అబద్ధమేమోనని కూతురి వంక చూశారు.

కూతురి కళ్ళు నిండిపోయాయి. “ఒక్క మాట నన్ను అడక్కూడదా నాన్నా?”

“ఏమని అడగనమ్మా? ఇల్లు నాదైతే అడిగేవాణ్ణి.”

ఆ మాటతో కూతురు ఆయన చెయ్యి పట్టుకుని పైకే ఏడ్చింది. గీత కిందకు జారిన ప్రతి రోజూ ఈ పెద్దమనిషి సగం కంచం దగ్గరినుంచి లేచి వెళ్ళాడని, తాను ఆ గీతను చూసి ఈలలు వేశాడని విశ్లేషకుడికి అప్పుడు అర్థమైంది. సిగ్గు వేసింది. తన మీద తనకే అసహ్యం కూడా వేసింది.

“ఆ గది మీది మామయ్యగారూ,” అన్నాడు. “ఇల్లూ మీదే. అయినా మన ఇంట్లో సైకిలు ఎవరికుందండీ?”

మామగారు బకెట్లోంచి కాళ్ళు తీసి తుడుచుకున్నారు. కళ్ళు కూడా అదే తువ్వాలుతో తుడుచుకున్నారు. పెద్దావిడ ఇదంతా చూసి, వెంట పట్టుకొచ్చిన కప్పులో చల్లారిపోయిన టీ తాగుతూ అంది.

“అంటే వాడకం తగ్గలేదు. గోడ దాటిందంతే. బట్టీని ఊరవతలకి పంపితే మీకు సీసాలు ఎక్కడినుంచి వస్తాయి?”

“పక్క ఊరి నుంచి,” అన్నాడు విశ్లేషకుడు.

“వాళ్ళు మాత్రం బట్టీ లేకుండా పోస్తారా?”

డైరెక్టరమ్మ రిబ్బనును మెల్లగా చేతిసంచిలోకి తోసేసింది.

ఆ వారం విశ్లేషకుడు గాజు బట్టీ ఊళ్ళోనే ఉండాలనీ, దాని పొగగొట్టంలో పోయే వేడితో చుట్టుపక్కల ఇళ్ళకు నీళ్ళు కాయవచ్చనీ తేల్చి చెప్పాడు. ఎర్ర దీపాల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పచ్చ నగరం బిరుదు పక్క ఊరికి దక్కింది. వాళ్ళు పోటీ ముగిసేలోగా తమ గాజు బట్టీని ఆర్పేసి, సీసాలన్నీ ఈ ఊళ్ళో పోయించుకోసాగారు.

మామగారు ఇంటికి తిరిగొచ్చారు. ఇల్లు తనదేనని నలుగురిలో చెప్పించుకున్న మనిషి కదా, పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని, రేడియో పక్కన పెట్టుకుని, వేన్నీళ్ళు చివరి చుక్కదాకా పోసుకుంటున్నారు. తలుపు కొట్టే ధైర్యం విశ్లేషకుడికి లేదు. అందుకని రోజూ భుజాన తువ్వాలు వేసుకుని పక్కింటి గడియారాలాయన దగ్గరకు స్నానానికి వెళుతున్నాడు.

వీధి మొత్తం వాడకంలో మార్పేమీ లేదు.